సర్వర్ అడిగిన ప్రశ్న

"పాసయ్యాం!" ఫోన్ పెట్టేసి తియామికె కుర్చీతో సహా గిర్రున తిరిగింది. "పెద్దాఫీసువాళ్లు తనిఖీ చేశారట, మన సర్వర్ భద్రతా టెంప్లేట్‌లో ఒక్క తప్పూ లేదట. రేపు పద్నాలుగు టీ తోటల సర్వర్లలోనూ ఇవే తాళాలు ఎక్కిస్తారట!"

మూడు వారాల కొత్త మొగుడు వొంగాని మొహం పాలిపోయింది. "లాగిన్‌కి ముందు కనబడే హెచ్చరిక మార్చావా?"

"ఏ హెచ్చరిక?"

"పరాయివాళ్లు ముట్టుకోరాదని ఉండాలే, అది. నువ్వు నాకు రాసిందే ఉందింకా."

తియామికెకు అప్పుడు గుర్తొచ్చింది. ఉదయాన్నే ఈ సర్వర్ తెరిచేది వొంగానే కదా అని సరదాకి రాసింది: 'బంగారం, మొక్కజొన్న పిండి నిసిమా ముద్ద తిన్నావా? సంచిలో చేప కూడా పెట్టాను. తినకుండా దీన్ని ముట్టుకుంటే చంపేస్తా!'

"మార్చమని చెప్పొచ్చుగా!"

"రోజూ చదువుకోవాలనిపించింది."

"నా ఉద్యోగం పోయాక చదువుకో!"

వెంటనే పెద్దాఫీసుకు ఫోన్ చేసింది. నవ్వడం ఎరగని తనిఖీ అధికారి నమలోంబా ఎత్తాడు.

"అయ్యా, ఆ హెచ్చరిక పొరపాటున..."

"చదివానమ్మా. తిన్నావా అని నన్నెవరూ అడిగి చాలా కాలమైంది. పొద్దున్నుంచి ఖాళీ కడుపే. లేచి వెళ్లి తినొచ్చాను."

తియామికె హెచ్చరిక ఫైలు తెరిచింది.

"ఆ 'బంగారం', 'చంపేస్తా' తీసెయ్. తిన్నావా అన్నది ఉండనీ. దాని కింద అసలు హెచ్చరిక చేర్చు."

"అలాగేనయ్యా!"

"రేపు ముందు మీ ఆఫీసుకే వస్తున్నా. సంచిలో ఇంకో చేప వెయ్యి."