అందని పాయసం

"జాగ్రత్తగా లాగండి యాకోబు గారూ! మా పెళ్ళి సీడీ అది. మా మేనమామ విస్తట్లో వీళ్ళ నాన్న పాయసం వెయ్యలేదనడానికి అదొక్కటే సాక్ష్యం," అన్నాడు సూరిబాబు, పక్కనున్న పెళ్ళాన్ని చూపిస్తూ.

అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేసే యాకోబు, పాడైన డ్రైవు కన్నంలో పిన్ను గుచ్చాడు. ట్రే కిర్రుమంటూ బయటికొచ్చింది. సీడీ చుట్టూ చీపురు ఈనె ముక్కలు!

"ఇవెవరు కుక్కేరండీ?"

"నేనేనండి," అంది ఆదిలక్ష్మి. "ఏ చుట్టమొచ్చినా ఈయన ఆ సీడీ వేస్తారు. పిల్లోడు డిగ్రీకొచ్చేడు. చచ్చిపోయిన మా నాన్న ఇంకా గరిటె పట్టుకుని తలొంచుకునే ఉన్నాడండి."

సూరిబాబు గతుక్కుమన్నాడు. ఇన్నేళ్ళూ అతను ఖాళీ విస్తరినే చూశాడు గాని, గరిటె పట్టుకున్న మనిషిని చూడలేదు.

"డ్రైవు బాగుచెయ్యమంటారాండి?"

"వద్దులెండి. సీడీ లోపలే పెట్టి బిగించెయ్యండి. మా మేనమామకి ఎలాగూ షుగరొచ్చింది."