మిట్టవీధికి నీళ్లు

"అక్కా, మీ అరవై రోజుల పోస్టులూ చదవతా ఉంటే నాకే దప్పికైంది. మా వెబ్‌పేపర్లో వాడుకోవచ్చా?" అని ఫోన్లో అడిగింది విలేకరి శ్రీదివ్య.

ఆత్మకూరు మిట్టవీధిలో చివరి ఇల్లు మాది. కుళాయి నీళ్లు పావుగంటే వస్తాయి. వచ్చిన నిమిషంలోనే ఫేస్‌బుక్‌లో రాస్తాను: 6.10, నీళ్లు వచ్చాయి. ఆగగానే మళ్లీ రాస్తాను. ఒక్కరోజూ తప్పలేదు.

"ఇయ్యన్నీ ఎవరు చదవతారే?" అనేవారు మా ఆయన.

శ్రీదివ్య నా పోస్టులన్నీ ఏరి, తేదీలు సరిచూసి, ఒకే వార్తగా పేర్చింది. సాయంత్రానికి నాలుగు వందల మంది చదివారు. ఇంటింటికీ తిరిగి చూపించాను. ఇకనైనా గంటసేపు నీళ్లొస్తాయని వీధంతా సంబరపడింది.

అప్పుడే ఆ వార్త కింద, మాకు నీళ్లు వదిలే మాలకొండయ్య రాసింది కనిపించింది.

"అమ్మా, మీ పోస్టు నేను రోజూ చదవతా ఉండాను. వాల్వు కాడ నుంచి మీ వీధి కనపడదు. చివరింటికి నీళ్లు ఎక్కినాయంటే అందరూ పట్టుకున్నట్టే అనుకున్నాను. మీరు వచ్చినాయని పెట్టినాక, ఒక టీ తాగి కట్టేస్తా ఉండాను."

మా ఆయన నవ్వు ఆపుకోలేక మంచం మీద కూలబడ్డారు.

మర్నాడు 6.10కి నీళ్లు వచ్చాయి. అలవాటుగా ఫోన్ తీశాను.

"ఇప్పుడే పెట్టబాక వదినా," అని పక్కింటి నుంచి కేక.

డ్రమ్ము, బిందెలు, చివరికి ఇడ్లీ పాత్ర కూడా నిండాక, ఏడున్నరకు చేతులు తుడుచుకుని రాశాను: నీళ్లు వచ్చాయి.