నలభై బారల లోతు

హెడ్మాస్టరు గారికి, ఆరో తరగతి తప్పిన పిల్ల నాయనమ్మ చెప్పి రాయిస్తున్నది. నాకు అక్షరం ముక్క రాదు. రాస్తున్నది మీ టీచరమ్మే. నా మనవరాలి మార్కు కోసిందీ ఆవిడే.

కొండల నడుమ సరస్సు లోతెంత అని పరీక్షలో అడిగారు. ఎవరికీ తెలియదని పిల్ల రాసింది. ఆ ఒక్క మార్కుతో తప్పింది.

"పుస్తకంలో నలభై బారలని ఉంది కదా, మామ్మా!" అంటోంది టీచరమ్మ.

"పుస్తకం పడవెక్కి చూసొచ్చిందా, తల్లీ? నోరు మూసుకుని రాయి."

ఆ సరస్సు మీద ముప్పై ఏళ్లు పడవ నడిపాను. లోతు కొలవడానికొచ్చిన సర్వే ఆయన చలికి ముడుచుకుని కూర్చుంటే, రాయి కట్టిన తాడు నేనే నీళ్లలోకి వదిలాను. పొద్దుటి నుంచీ తెడ్డు వేసి నా చేతులు పడిపోయాయి.

"ఎంతమ్మా?" అన్నాడు.

"నలభై" అన్నాను. రాసుకున్నాడు.

రాయి అడుగుకు తగలనే లేదు. నా తాడు పొడవే నలభై బారలు. ఇంకో తాడు ముడివేసే ఓపిక లేక అలా చెప్పేశాను. ఈ సంగతి నా మనవరాలికి తప్ప ఎవరికీ తెలియదు.

పిల్లను ఏడో తరగతికి పంపండి. కావాలంటే ఆరో తరగతిలో దాని చోట నేనొచ్చి కూర్చుంటాను.