ఎర్ర పికప్

"ఇది లాగదండీ," అంది కాత్యాయని, ఎర్ర పికప్ చుట్టూ ఒకసారి తిరిగొచ్చి.

సుబ్బరాజు గుండె జారిపోయింది. షార్జాలోని ఆ పాత బండ్ల యార్డులో టాక్సీ దిగగానే ఎదురుగా అదే కనిపించింది. ఎర్రగా, ఎత్తుగా, పెళ్ళికొడుకులా నిగనిగలాడుతోంది. చూసీచూడగానే మనసు పారేసుకున్నాడు. గేటు పక్కనే, వాళ్ళు మొన్ననే ఖాయం చేసుకున్న ట్రైలర్ ఉంది. లోపల మంచాలు, చిన్న వంటగది, కిటికీలకు పూల తెరలు. దాన్ని తగిలించుకుని శనివారం పొద్దున్నే పిల్లలతో లివా ఇసుకతిన్నెలకు బయలుదేరాలి. దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో వాళ్ళ బిల్డింగంతా, ఆఫీసంతా చాటింపు వేసేశాడు. ఇప్పుడు బండి కుదరలేదంటే తలెత్తుకోలేడు.

"లాగకపోవడమేంటే? మూడు నెలల నుంచి వీడియోలు చూస్తన్నాను. మూడున్నర టన్నులు లాగుద్ది. దీని టార్క్ ఎంతో తెలుసా నీకు?"

"టార్క్ సంగతి నాకు తెలీదు గానీ, ఆ అద్దాలు చూడండి, అరచేతంత లేవు. అంత వెడల్పు ట్రైలర్ తగిలిస్తే వెనకాల వచ్చే లారీ కనపడుద్దా?"

"అద్దాలు చూసి బండి కొంటారా ఎవరైనా?"

యార్డు సేల్స్‌మన్ నయీమ్ హైదరాబాదువాడు. భార్యాభర్తల మధ్య ఎటువైపు మొగ్గాలో అతనికి బాగా తెలుసు. "మేడమ్, మేకప్ చూస్కోనీకి లోపల ఇంకో అద్దం ఉన్నది," అని నవ్వాడు. సుబ్బరాజూ నవ్వబోయి, భార్య మొహం చూసి టక్కున ఆపేశాడు.

ఆమె అప్పటికే మూలనున్న తెల్ల పికప్ దగ్గరికి నడిచింది. వంగి దాని కిందికి చూసింది. "దీని స్ప్రింగులు దళసరిగా ఉన్నాయి. బండి బారూ ఎక్కువే. ఎడారి గాలికి ట్రైలర్ ఊగినా ఇది నిలబడుద్ది."

"కూరగాయల బండిలా ఉందే బాబూ!"

"సార్, జల్దీ చెప్పాలె," అన్నాడు నయీమ్. "సైఫ్ అని లోకల్ ఆయన ఎర్రదాని కోసమే వస్తున్నడు. పావుగంటల ఈడుంటడు. ఆయనొస్తే ఇగ ఖలాస్! మీరు ఒక్కపారి ఎక్కి కూసోండ్రి."

సుబ్బరాజు ఒక్క గెంతులో ఎర్ర బండి ఎక్కి స్టీరింగ్ పట్టుకున్నాడు. తోలు సీట్ల వాసన. ఎదురుగా పొడవాటి బానెట్. ఒళ్ళు పులకరించిపోయింది.

"బాద్షా లెక్కున్నరు సార్!"

"విన్నావా కాత్యాయనీ? ప్లీజ్, ఇదొక్కటీ ఒప్పుకో."

కాత్యాయని దగ్గరికొచ్చి మెల్లగా అంది. "మీకు ఎర్రరంగు కావాలి. నాకు పిల్లలతో సహా క్షేమంగా ఇంటికి రావడం కావాలి. ఈ బండయితే నేను రానండీ."

ఆమె రానంటే ప్రయాణం లేనట్టే. సుబ్బరాజు ఎర్ర బానెట్ వంక చివరిసారి ఆశగా చూశాడు. గేటు పక్క ట్రైలర్ వంక చూశాడు. ఉసూరుమంటూ కిందికి దిగాడు.

"సరే, తెల్లదే!"

అనేశాక ఆశ్చర్యంగా, పోయిన హుషారంతా రెట్టింపై తిరిగొచ్చింది. ఏ రంగయితేనేం, శనివారం లివా ఖాయం! రాత్రికి ఇసుకలో చికెన్ కాల్చుకోవచ్చు. అక్కడికక్కడే ఫోన్ తీసి, తెల్ల పికప్‌ను నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి ఆఫీసు గ్రూపులో పెట్టేశాడు.

"అన్నిట్ల మేడమ్ మాటేనా సార్?" నయీమ్ గొణిగాడు.

"బండి విషయంలో అంతే నయీమ్ భాయ్!"

నయీమ్ తెల్ల పికప్‌ను వెనక్కి తెచ్చి ట్రైలర్ కొక్కేనికి తగిలించాడు. గొలుసులు బిగించి, లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసుకుని, తాళంచెవి సుబ్బరాజు ముందుకు చాచాడు.

"యల్లా సార్! గేటు దాటి ఒక రౌండ్ కొట్టుకొని రాండ్రి."

సుబ్బరాజు తాళంచెవి అందుకుని కళ్ళకద్దుకున్నాడు. దాన్ని కాత్యాయని చేతిలో పెట్టి, పరుగున అటు తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

నయీమ్ నోరు తెరిచాడు. "అదేంది సార్, మీరు నడపరా?"

"నేనెలా నడుపుతాను భాయ్? మొన్న ఏడోసారి కూడా డ్రైవింగ్ టెస్టు పోయింది!"