నక్క కొలిచిన నీళ్లు

ఒక చిత్తడి నేల నడిమధ్యన, తుంగలో గూడు కట్టుకుని సారస కొంగ ఒకటి రెండు గుడ్లు పొదుగుతోంది. చుట్టూ ఉన్న నీళ్లే దానికి కోట. మనుషులు అభివృద్ధి పేరు చెప్పి కాలువ తవ్వి ఆ కోటకు గండి కొట్టారు. నీళ్లు రోజురోజుకూ తగ్గిపోతున్నాయి.

ఒడ్డున నక్క పొద్దున్నే ఒక కాలు నీళ్లలో ముంచి లోతు చూసుకునేది.

"వదినా, నిన్న నా పొట్ట దాకా ఉన్నాయి. ఇవాళ మోకాలి దాకానే," అని ఒకరోజు పలకరించింది.

కొంగ నీళ్లలోని కప్పల వైపు తిరిగింది. "గండి పూడ్చుదాం, తలా కాస్త మట్టి వేయండర్రా!" అని బతిమాలింది.

"తొందరపడకక్కా. ముందు సభ పెట్టి తీర్మానం చెయ్యాలి," అంది కప్పల పెద్ద. "చిత్తడి మా హక్కు! కప్పల ఐక్యత వర్ధిల్లాలి!" అని కప్పలన్నీ గొంతులు చించుకున్నాయి. ఒక్కటీ మట్టి ముట్టలేదు.

నీళ్లలో ఏ మార్పు వచ్చినా సారసాలకు తెలిసిన విద్య ఒక్కటే, గూడు ఎత్తు పెంచడం. వరదల కోసం తల్లులు నేర్పిన విద్య అది. భయంలో కొంగ చుట్టూ ఉన్న తుంగనంతా పీకి గూటికి పేర్చింది.

"మేలు చేశావు వదినా," అని నవ్వింది నక్క. "ఇప్పుడు నీ గూడు ఒడ్డు నుంచే కనబడుతోంది. రేపటికి నా గోళ్లు కూడా తడవవు. మావాళ్లందరితో వస్తాను."

అప్పుడే కొంగ పొట్ట కింద టిక్కు టిక్కుమని చప్పుడైంది. గుడ్డులోని పిల్ల పెంకు పొడుస్తోంది. ఏ తల్లయినా పొంగిపోయే చప్పుడది. కొంగ మాత్రం గుడ్ల మీద మరింత ఒదిగి, "ఇప్పుడే రాకు నాన్నా, బయట నీళ్లు లేవు," అని గొణిగింది.

పిల్ల పొడుస్తూనే ఉంది.