అందరికంటే ఎక్కువ చదివినాయన

“ఈసారి మీ ఆయన్నే రమ్మనండి. కార్డు గడువు అయిపోయింది,” అంది లైబ్రేరియన్.

ఆమె తెచ్చిన పుస్తకం బల్ల మీద పెట్టింది. “ఆయనకి చూపు లేదండీ. నేనే చదివి వినిపిస్తాను.”

“అయితే ఇద్దరూ రండి. ఏడాదంతా అందరికంటే ఎక్కువ పుస్తకాలు వెళ్ళింది ఆ కార్డు మీదే. సభ్యులు చూస్తే తగ్గిపోతున్నారు. చదివేవాళ్ళకి ఏవి ఇష్టమో అడిగి అవే కొందామని. మీవేమో వంతెనల లెక్కలు, తేనెటీగల పెంపకం, పన్నుల చట్టం... ఎంత చూసినా నాకు అంతు పట్టడం లేదు.”

ఆమెకి మాత్రం ఏం తెలుసు? అక్షరమ్ముక్క రాదు. అట్ట మీద బొమ్మ చూసి తెచ్చుకుంటుంది. మధ్యాహ్నం కిటికీ పక్కన పుస్తకం ఒళ్ళో పెట్టుకుంటే చాలు, బొమ్మలో వంతెన కింద నది కదిలేది. నదిలోకి పడవ వచ్చేది, పడవలోకి ఓ పిల్ల వచ్చేది. గది నిండా నీళ్ళు, మంచం తేలిపోతున్నట్టుండేది. “ఆ తర్వాత?” అనేవాడాయన. పేజీ తిప్పడం మాత్రం ఆమె మరిచిపోయేది కాదు. ఈ మధ్య బొమ్మలున్నవి అయిపోయి ఉత్త నీలం అట్టది తెస్తే, దాన్లోంచి కథ లాగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఈ అబద్ధం బయటపడితే ఆయన మళ్ళీ ఎప్పటికైనా “ఆ తర్వాత?” అంటాడా? ఆ రోజంతా ఆమెకి అదే బెంగ.

మర్నాడు ఆయన ఆమె భుజం పట్టుకుని వచ్చాడు. లైబ్రేరియన్ కుర్చీ వేసి కూర్చోబెట్టింది. “మీరెళ్ళి పుస్తకం చూసుకోండమ్మా,” అంది ఆమెతో. ఆమె వెళ్ళింది కానీ, బీరువా వెనకే ఆగిపోయింది.

“వంతెన పుస్తకం నచ్చిందాండీ?”

“ఎందుకు నచ్చదమ్మా. ఆ పిల్ల నదిని దుప్పటిలా మడతపెట్టి ఇంటికి పట్టుకుపోతుంది కదా. నిద్రలో కూడా నాకు నీళ్ళ చప్పుడే.”

లైబ్రేరియన్ బీరువా వైపు చూసింది. బీరువా వెనక ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. అంతా అయిపోయిందనుకుంది.

“అయితే... ఎలాంటివి కొనమంటారు?” లైబ్రేరియన్ మెల్లగా అడిగింది.

ఆయన గొంతు తగ్గించాడు.

“అట్ట మీద బొమ్మ ఉన్నవి కొనండమ్మా. బొమ్మ లేకపోతే కథ అల్లలేక మా ఆవిడ నానా తంటాలు పడుతోంది, పాపం.”