స్పర్శ లేని చోటు

"చెయ్యి చాపమ్మా," అన్నాడు డాక్టరు.

నీలవేణి చాపింది. ముంజేతి మీద తెల్లమచ్చలు.

పొట్టంగి బంగళా వరండాలో డాక్టరు మకాం. మద్రాసు సర్కారు పంపిన మనిషి. కొండ ఊళ్లలో కుష్ఠు ఉన్నవాళ్లను ఏరి, ఘాటీ దిగువన ఉన్న ఆశ్రమానికి పంపడం ఆయన పని. అక్కడికి పోయినవాళ్లు తిరిగి రావడం పొట్టంగిలో ఎవరూ చూడలేదు.

మొగుడు అప్పలనరసింహం పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జమీ కచేరీలో బంట్రోతుల మీద పెద్ద, దఫేదారు. అక్కడ అందరి మీదా కేకలేసే మనిషి ఇక్కడ పిల్లిలా ఉన్నాడు.

"సరింగా సూడండి బాబూ. వేసంగిలో మచ్చలు మా కంట పడ్డకాణ్ణించీ పెరట్లో పాకలో పెట్టేం. కూడు దూరం నుంచే తోసేస్తన్నాం. ఎవులం దగ్గరికెళ్లడం నేదు."

"మరి ఇంటి పనెవరు చేస్తున్నారు?"

"మా యమ్మేనండి. ముసిల్ది. నడుం ఇరిగిపోతంది."

మెట్ల మీద కూర్చున్న అతని తల్లి అప్పమ్మ అందుకుంది. "ఇంకో పెళ్లి సేద్దామంటే పెద్దరోగం కొంపకి పిల్లనెవుడిస్తాడు బాబూ? ఏటీ కాదని ఒక్క మాట సెప్పీ. ఇప్పుడే తీసుకుపోతాం. దంచాల్సిన ధాన్యం అలాగే పడుంది."

వాళ్లు మాట్లాడుకునేది తన గురించి కానట్టే ఉంది నీలవేణి ముఖం.

డాక్టరు ఒక మచ్చనీ దాని చుట్టూ చర్మాన్నీ బొటనవేలితో గట్టిగా రుద్దాడు. చుట్టూ కందింది. మచ్చ మాత్రం తెల్లగానే ఉండిపోయింది.

"ఇది ఆ రోగం కాకపోవచ్చు," అన్నాడు. "ఒక్కొక్కరికి పుట్టుకతోనే ఇలాంటి మచ్చలుంటాయి. బహు అరుదు. అక్కడ నెత్తురు సరిగా పారదు, అంతే. అంటుకోదు, ఏమీ చెయ్యదు. ఏమ్మా, చిన్నప్పట్నుంచీ ఉన్నాయా?"

"నేదు బాబూ. ఈ ఏడే వచ్చేయి."

"సరే, సూదితో తేలిపోతుంది. ఆ రోగమైతే మచ్చ మీద స్పర్శ ఉండదు. కళ్లు మూసుకో. గుచ్చినప్పుడల్లా ఊ అను."

అప్పలనరసింహం ఆమె మీదికి వంగాడు. "ఊ అనే. అనీసి ఇంటికెళ్లిపోదాం."

డాక్టరు మచ్చ మీద గుచ్చాడు. ఆమె ఏమీ అనలేదు. పక్క మచ్చ మీద గుచ్చాడు. అనలేదు. మచ్చ లేని చోట గుచ్చాడు.

"ఊ," అంది.

మళ్లీ మచ్చ మీద, ఈసారి లోతుగా. నెత్తురు చుక్క పొడిచింది. ఆమె ముఖంలో కదలిక లేదు.

డాక్టరు చెయ్యి వెలుతురుకి తిప్పాడు. మచ్చల మీదా, పక్కనా గుండ్రంగా పాత కాలిన గుర్తులు.

"ఇవేమిటి?"

అప్పలనరసింహం ముందుకొచ్చాడు. "పొయ్యికాడ కాల్చుకుందండి."

"ఇన్నిసార్లా?"

"కాల్తన్నా దానికి తెల్దండి. మొద్దు."

డాక్టరు నీలవేణి వైపు తిరిగాడు. "నిజంగానే తెలియదా?"

"తెల్దు బాబూ," అంది.

డాక్టరు సూది పెట్టెలో పెట్టేశాడు. "రుద్దినప్పుడు వేరేలా అనిపించింది. కాని కాలినా తెలియని చేతికి ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు. బండి కట్టించండి."

అప్పలనరసింహం ఏదో చెప్పబోయాడు. ఆ గుర్తుల వైపు చూసి నోరు మూసుకున్నాడు. అప్పమ్మ శోకాలు పెట్టింది, దంచాల్సిన ధాన్యం తలుచుకుని.

సాయంత్రానికి బండి ఘాటీ దిగింది. నీలవేణి వెనక్కి తిరిగి చూడలేదు.

ఊరు కనుమరుగయ్యాక ఆమె చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మొగుడు దాని మీద చుట్ట ఆర్పిన రాత్రుల్లో ఊదుకున్నట్టే, సూది దిగిన ఒక్కొక్క చోటా మంట తగ్గేదాకా ఊదుకుంది.